దిగుడుబావి చివరి మెట్టు

ఎండ నడినెత్తికెక్కే వేళకు గూళెపల్లెలో మగ్గాలు సైతం కునుకు తీసేవి. పొద్దుటి నుంచీ వీధి పొడవునా టకటకలాడిన నాడెల చప్పుడు ఒక్కొక్క ఇంట్లోనే అణగిపోతూ వచ్చి, చివరకు ఏ కప్పు మీదనో పిచ్చుక రెక్కలు దులుపుకున్న సవ్వడి మాత్రం మిగిలేది. కర్నూలుకు పడమరగా, తుంగభద్ర ఉన్నదన్న మాటే తప్ప దాని చెమ్మ సోకని నల్లరేగడి మధ్య, ఆ ఊరు వేసవి అంతా ఆవిరి దుప్పటి కప్పుకొని పడుకునేది. దూరంగా చేల మీద లేని నీళ్ళు మెరిసేవి. వాటిని చూడగా చూడగా ఉన్న నీళ్ళ మీద కూడా అనుమానం పుట్టేది.

ఆ వేళకే సిద్దమ్మ దిగుడుబావికి పోయేది.

మగ్గం గుంటలో నుంచి లేవడమే ఆమెకు ఒక ప్రయాణం. కుడికాలు కిందటి వేసవిలో చెడింది. మడమ దగ్గర నారికురుపు లేచి, పగిలి, అందులో నుంచి తెల్లటి పురుగు దారపు కొసలాగా బయటికి వచ్చింది. దాన్ని పుల్లకు చుట్టి, రోజుకింతగా ఓపికతో బయటికి తీయాలని ఊళ్ళో అందరికీ తెలుసు. సిద్దమ్మకూ తెలుసు. అయితే ఆమెవి ఊహ తెలిసినప్పటి నుంచీ నూలు కండెలు చుట్టిన చేతులు. సగం చుట్టిన కండెను పక్కన పెట్టడం వాటికి అలవాటు లేదు. ఒకనాటి సాయంత్రం ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ చుట్టుకుంటూ పోయింది. పోగు తెగింది. తెగిన పోగును కంటికి కనబడకుండా అతకడం ఆ వీధిలో పిల్లలకు కూడా వచ్చు. ఈ పోగుకు అతుకు లేదు. లోపల మిగిలిన సగం కుళ్ళి, కాలు వాచి, వానలు పడేనాటికి మడమ కొయ్యలా బిగుసుకుపోయింది.

ఈ ఏడు ఎడమకాలు మొదలుపెట్టింది.

బావి ఊరి చివర ఉంది. నల్లబండల మెట్లు. ఒక్కొక్క మెట్టు దిగుతుంటే ఎండ తన పొరలు ఒక్కొక్కటిగా విప్పి పైన వదిలేస్తున్నట్టు ఉండేది. అడుగున నీడ పచ్చగా, నిద్రలాగా ఉండేది. చివరి మెట్టు మీద కూర్చొని కాలు నీళ్ళలోకి దించగానే, చీలమండ చుట్టూ రగులుతున్న నిప్పు చుయ్యిమని ఆరిపోయేది. ఆ సుఖానికి సిద్దమ్మ కళ్ళు మూతలు పడేవి. కళ్ళు మూస్తే ఎప్పుడూ ఒకటే కల. తన కాలి నుంచి సన్నని తెల్లదారం నీళ్ళలోకి జారుతుంది. అది బావి అడుగున చుట్టలు చుట్టుకొని, రాళ్ళ సందుల్లో దూరి, ఊరి కిందుగా పాకి, ఒక్కొక్క ఇంటి కుండలో నుంచి తల ఎత్తుతుంది. ఎవరో పెద్ద సాలెవాడు ఆ ఊరినంతా పడుగుగా పరచి, దానికి పేక అల్లుతున్నట్టు ఉంటుంది. కలలో భయం లేదు. చల్లగానే ఉండేది.

మెలకువలోనే భయం. మగడు గురుస్వామి పోయినప్పటి నుంచీ ఆ మగ్గం మీద ఆమే కూర్చుంటున్నది. ఆమె భయం తన కాళ్ళ గురించి కాదు. కూతురు గంగాదేవి కాళ్ళ గురించి. వచ్చే వేసవికి గంగకు మగ్గం గుంటలో కాళ్ళు అందుతాయి. ఆ ఇంట్లో ఇంకా మచ్చ పడని పాదాలు అవే. రోజూ తెల్లవారగానే సిద్దమ్మ ఆ పాదాలను ఒడిలో పెట్టుకొని, నేసిన చీరలో తప్పు వెతికినట్టు, వేలు వేలు సందూ వెతికేది. గంగకు ఊరి అంచు గుడి దగ్గర ఒక తాడు, దర్గా దగ్గర ఒక తాడు కట్టించింది. ఏ తాడు పనిచేస్తున్నదో తెలియదు కనుక రెండింటినీ విప్పేది కాదు.

*

ఎడమకాలి కురుపు పగిలిన వారంలోనే జిల్లా బోర్డు హెల్తు ఇనస్పెక్టరు జమాల్ బాషా సైకిలు మీద వచ్చాడు. దుమ్ముతో టోపీ రంగూ ముఖం రంగూ ఒకటైపోయిన సన్నటి మనిషి. వీధికి పెద్ద అయిన బొజ్జన్న అరుగు మీద తన తోలుపెట్టె దించి, ముందు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏమప్పా సాయబూ, ఈ ఎండకు బోర్డోళ్ళు గూడా కరిగి బయటికొస్తాండారే!" అన్నాడు బొజ్జన్న. అరుగు చుట్టూ చేరిన వాళ్ళు నవ్వారు.

"బోర్డు కరగల్యా పెద్దాయనా, గట్టిగానే ఉండాది. మీ బాయికి మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలకలు పెట్టమని మంజూరు చేసినాది. ఊరు సరేనంటే మేస్త్రీని తోలిస్తా."

"మా మింద బోర్డుకు ఇంత ప్రేమ యాడ నుంచి పుట్టెప్పా?"

"ప్రేమ గాదు, పని. బీదోళ్ళకు మందూ మంచినీళ్ళూ సూడల్సింది బోర్డు. దయ అనుకుంటే మీరు నాకు మజ్జిగ ఇయ్యల్ల. పని అనుకుంటే నన్ను తిట్టొచ్చు."

"అట్లయితే తిడతాంలే. మజ్జిగ గూడా తాగు." బొజ్జన్న పంచె పైకి లాగి, మోకాలి కింద ఆకు కట్టిన చోటు చూపాడు. "ఇది సూడు. మంట లేస్తే పాణం పోయి పాణం వస్తాది. ఆ మెట్ల మింద కూసుని కాలు నీళ్ళల్లో పెడితేనే రవ్వంత సుకం. ఆ మెట్లే మూస్తానంటివి. కాలు యాడ పెట్టుకోవల్ల, నీ టోపీలోనా?"

నవ్వులు ఆగేదాకా జమాల్ బాషా మజ్జిగ తాగాడు. తర్వాత, "పెద్దాయనా, ఆ కాలు పెట్టుకునేదే రోగం," అన్నాడు.

ఆ మాట ఎవరికీ రుచించలేదు. కొందరు లేచి పోయారు. బొజ్జన్న మాత్రం, అరుగు తనది కనుక, కూర్చునే ఉన్నాడు.

ఎదురింటి గడప మీద కూర్చొని ఇదంతా వింటున్న సిద్దమ్మ కాలు చూసి, ఇనస్పెక్టరు పెట్టె తీసుకొని అక్కడికి వచ్చాడు. కడిగాడు. బయటికి వచ్చిన కొసను ఒక పుల్లకు చుట్టి, ఒక్క చుట్టు తిప్పి, తడిగుడ్డ కట్టాడు.

"ఇంతేనా?" అన్నది సిద్దమ్మ.

"ఇంతే. రేపు ఇంకో రవ్వ. అది రానంటే నువ్వు ఆగల్ల. ఆశ పడగాకమ్మా, తెగుతాది. ఇంక ఆ కాలు బాయిలో పెట్టగాకు."

"పెడితే ఏమైతాది?"

"దాని కడుపు నిండా పిల్లలు ఉండాయి. కాలికి నీళ్ళు తగలగానే ఆ నీళ్ళల్లోకి కక్కుతాది. నీళ్ళల్లో నలకంత పురుగులు ఎగురుతాంటాయి గదా, అవి వాటిని మింగుతాయి. ఆ నలకల్ని నీళ్ళతో పాటు మనం మింగుతాం. యాడాదికి మళ్ళా కాల్లో తేలుతాది."

సిద్దమ్మ నవ్వింది. "నా కాల్లోది బాయిలోకి పోయి, బాయిలోది కడుపులోకి పోయి, కడుపులోది మళ్ళా కాలికి దిగుతాదా? ఇదేం తిరుగుడు సాయబూ! నువ్వు సూసినావా?"

జమాల్ బాషా కట్టు ముడి బిగించి, కొంచెం ఆలోచించి చెప్పాడు. "అంతా సూడల్యా. నలకల్ని సూసినా. వాటి లోపలి పిల్లల్ని పెద్ద అద్దం పెట్టి సూసినోళ్ళు ఉండారు. నేను వాళ్ళ మాట నమ్మినా. నువ్వు నా మాట నమ్మల్ల. అందుకే ఊరికే నమ్మమని చెప్పను, సూస్తా ఉండమని చెప్తాండా." లేవబోతూ ఆగాడు. "ఒకటి మాత్రం ఆలోచన చెయ్యి. ఆ మంట ఎందుకు పెడతాది? మంట పెడితే నువ్వు నీళ్ళ కాడికి పోతావని. నువ్వు పోతేనే దాని పిల్లలు బతికేది."

సైకిలు వీధి మలుపు తిరిగింది. ఆ మాట మాత్రం గడప మీదనే కూర్చుండిపోయింది. నీళ్ళ కోసం తన ఒళ్ళంతా లాగే ఆ లాగుడు తనది కాదేమోనన్న ఆలోచన సిద్దమ్మకు అంతకు ముందెన్నడూ రాలేదు. దాహం తనదేనా, దాహంలో ఇంకొకరు ఉన్నారా?

*

మర్నాడు పడుగుకు గంజి పెట్టే రోజు. జొన్నగంజి పెద్ద బానలో కాగి చల్లారింది. గంగాదేవి పల్చటి పాతచీర ముక్కను నాలుగు మడతలు పెట్టి, ఇంకో బాన మూతికి బిగించి, గంజిని వడగడుతున్నది. నలక ఒక్కటి మిగిలినా అది పోగుకు అంటుకొని, నాడె దెబ్బకు పోగును తెంపుతుంది. అందుకే ఆ వీధిలో గంజి వడగట్టడం పూజంత శ్రద్ధతో జరిగేది. ఆడపిల్లకు అన్నం వండడం కంటే ముందు అది నేర్పేవారు.

సిద్దమ్మ మగ్గం గుంటలో కూర్చొని, సగం నిద్రలో, కూతురి చేతులను చూస్తున్నది. తెల్లని గంజి గుడ్డ లోంచి దారాలుగా కారుతున్నది. గంగ పని ముగించి, గుడ్డ పిండి, దులిపి, దండెం మీద ఆరేసింది. తర్వాత మూలనున్న కుండ దగ్గరికి పోయి, చెంబు ముంచి, గటగటా నీళ్ళు తాగింది.

సిద్దమ్మకు నిద్ర తేలిపోయింది.

పోగు నోట్లోకి పోయే గంజికి నాలుగు మడతలు. బిడ్డ నోట్లోకి పోయే నీళ్ళకు ఒక్క మడత లేదు. ఇన్నేళ్ళూ, ఇన్ని ఇళ్ళలోనూ ఇదే. ఎవరికీ తోచలేదు. వీధిలో ఎవరి కళ్ళకూ చూపు తక్కువ లేదు. పోగు మీద నలకను ఆమడ దూరం నుంచి పట్టేవాళ్ళే. కానీ ఆ చూపు మగ్గం దగ్గర మొదలై మగ్గం దగ్గరే ముగిసేది.

"గంగా, ఆ గుడ్డ కడిగి ఇట్ల తే. బాయి నీళ్ళు దాంట్లో పొయ్యి."

"గంజి అయిపోయె గదమ్మా!"

"గంజికి గాదు. పొయ్యి."

కుండెడు నీళ్ళూ పోసినాక సిద్దమ్మ ఆ గుడ్డను తిరగేసి, వెడల్పాటి కంచు గిన్నెలో, చెంబెడు వడగట్టిన నీళ్ళలో జాడించింది. గిన్నెను వాకిట్లో ఎండకు పెట్టి, ఇద్దరూ తలలు వంచి చూశారు. మొదట ఏమీ లేదు. కళ్ళు కుదురుకున్నాక, దుమ్ము అనుకున్నది కదిలింది. తెల్లని నలకలు. ఉన్నట్టుండి ఎగిరి, ఆగి, మళ్ళీ ఎగిరేవి.

"అమ్మా, దుమ్ము ఆడుకుంటాండాది!" అన్నది గంగ సంబరంగా.

వాటి లోపల ఏమైనా ఉన్నదా అని సిద్దమ్మ చాలాసేపు చూసింది. ఏమీ కనబడలేదు. ఇనస్పెక్టరు చెప్పింది నిజమని ఆ గిన్నె చెప్పలేదు, అబద్ధమనీ చెప్పలేదు. నలకలు ఉన్న మాట మాత్రం నిజం. ఇందాకటి దాకా అవి తన బిడ్డ కడుపులోకి పోయిన మాట నిజం. గిన్నెలోవి వాకిట్లో ఎండిన మట్టి మీద పారబోసింది.

ఆ పూట నుంచి ఆ ఇంట్లో నీళ్ళకూ నాలుగు మడతలు వచ్చాయి. అయితే సిద్దమ్మకు లెక్క అక్కడితో తీరలేదు. గంగ ఎండలో ఆడి ఎక్కడ దాహమైతే అక్కడ తాగుతుంది. ఏ ఇంటి కుండకని గుడ్డ కడుతుంది? అందరి కుండలూ ఆ బావివే. ఆ బావిలో తన కాలు.

*

మంట మళ్ళీ లేచింది. తడిగుడ్డకు లొంగలేదు. మధ్యాహ్నం ఊరు పడుకున్నాక సిద్దమ్మ కుండ పట్టుకొని బయలుదేరింది. ఎందుకు పోతున్నదో తనకే తెలియనట్టు నడిచింది. వీధిలో ఆరేసిన పడుగుల రంగులు ఎండలో కరిగి గాలిలో తేలుతున్నాయి. ఒక చోట ఎరుపు, ఒక చోట పసుపు. వాటి మధ్య తన నీడ కుంటుతూ, తన కంటే ఒక అడుగు ముందు, తొందరపడుతూ పోతున్నది.

మెట్లు దిగింది. ఎండ పొరలు వీడాయి. పచ్చటి నీడ పలకరించింది. చివరి మెట్టుకు పైమెట్టు మీద నిలబడి కిందికి చూసింది. నీళ్ళు కదలకుండా, పరచిన పట్టులాగా ఉన్నాయి. కాలు దానంతటదే లేచింది. ఆ లేచిన కాలును చూస్తూ ఆమె నిలబడిపోయింది. అది తన కాలు కానట్టు, దారం కట్టి ఎవరో పైకి లాగినట్టు కనిపించింది. కల మెలకువలోకి వచ్చింది: అడుగున చుట్టలు చుట్టుకున్న తెల్లదారం, ఊరి కిందుగా పాకే దారం, కుండలో నుంచి తల ఎత్తే దారం, ఈసారి ఆ కుండ దగ్గర చెంబుతో గంగ నిలబడి ఉన్నది.

"నీకు కావల్సింది నువ్వు అడుగుతాండావు," అన్నది సిద్దమ్మ కాలితో, మెల్లగా. "నాకు కావల్సింది నాకుండాది."

వంగి, కాలు తగలకుండా, కుండ ముంచుకొంది. రెండు చెడ్డ కాళ్ళ మీద నిండుకుండతో ఆ మెట్లన్నీ ఎక్కడం ఎలా ఉంటుందో అంతకు ముందు ఆమెకు తెలియదు. పైకి వచ్చి, బావికి ఎడంగా ఉన్న బల్లబండ మీద కూలబడింది. మెట్లు దిగే హక్కు ఊరు ఇవ్వని వాళ్ళు, ఎవరైనా దయతలచి తమ కుండలో నీళ్ళు పోస్తారేమోనని ఎదురుచూసే బండ అది. ఇన్నేళ్ళలో సిద్దమ్మ దాని మీద ఒక్కనాడూ కూర్చోలేదు. బాగా కాలింది.

కుండ వంచి కాలి మీద నీళ్ళు ధారగా పోసుకున్నది. నిప్పు చుయ్యిమన్నది. కళ్ళు మూతలు పడ్డాయి. నీళ్ళు బావి వైపు కాక, బీడు వైపు వాలుగా పారి, రేగడి నెర్రెల్లో ఇంకిపోయాయి.

కర్ర చప్పుడు విని కళ్ళు తెరిచింది. బొజ్జన్న కాలు ఈడ్చుకుంటూ మెట్ల వైపు పోతున్నాడు.

"దిగగాకు మామా."

"ఏమ్మే, బాయి నీ పుట్టింటోళ్ళు తవ్వించినారా?"

"ఈడ కూసో. కాలు ఇట్ల పెట్టు."

"నా కాళ్ళు కడుగుతావా ఏంది? పెండ్లికొడుకునా నేను?"

"ఈ వయసులో నీకు పిల్లనిచ్చేది ఎవురులే. కాలు పెట్టు మామా, కుండ బరువుండాది."

గొణుక్కుంటూనే కూర్చున్నాడు. ఆమె పోసింది. మొదటి ధారకు అతని గొణుగుడు ఆగింది. రెండో ధారకు మెడ వెనక్కి వాలింది.

"బాయిలో ఉన్నంత సల్లగానే ఉండాదే," అన్నాడు చివరికి, మోసపోయినవాడిలాగా.

"నీళ్ళు అవే గదా మామా."

బొజ్జన్న పంచె మడిచి కాలు ఇంకొంచెం ముందుకు చాపాడు. "ఆ సాయబు మాట నమ్మినావా?"

"గంజిగుడ్డలో బాయి నీళ్ళు వడగట్టి సూసినా. నలకలు ఉండాయి. ఎగురుతాండాయి."

"వాటి కడుపులో పిల్లలు కనపడినాయా?"

"కనపడల్యా."

"మరింకేంది?"

"గంగ తాగే నీళ్ళు మామా. నాకు రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. తప్పయితే నాలుగు మెట్లు పోతాయి. నిజమయితే..." ఆమె తన కుడి మడమ వైపు చూసింది. బొజ్జన్న కూడా అటే చూశాడు. ముగించడానికి ఏమీ మిగల్లేదు.

అతను చాలాసేపు తన కాలి కింద నుంచి బీడులోకి పారిన తడిని చూస్తూ కూర్చున్నాడు. అది అప్పటికే ఆరిపోతున్నది. "కాలు యాడ పెట్టుకోవల్లనే గదా నా తగువు," అన్నాడు. "తగువు తీరిపాయె. ఇంకో కుండ తే."

"నువ్వు తెచ్చుకో మామా. నావి రెండూ కుంటికాళ్ళు."

*

బొజ్జన్న మాటతో ఊరు సరేనన్నది. మేస్త్రీ వచ్చి మెట్లు మూశాడు. గోడ లేచింది. గిలకలు మాత్రం రాలేదు. ఊరు గోడ మీద నుంచి వంగి, తాళ్ళతో చేదుకుంటూ బోర్డును తిట్టుకుంది. బొజ్జన్న కర్ర పట్టుకొని కర్నూలు పోయి, బోర్డు ఆఫీసు వరండాలో బైఠాయించాడట. "దయ అయితే ఊరికే పోతుంటిని. పని అని మీ మనిషే చెప్పినాడు. పని సగంలో నిలబెట్టినారేమని అడగనీకి వచ్చినా," అన్నాడట. అతను చెప్పిన దాంట్లో ఎంత జరిగిందో తెలియదు కానీ, గిలకలు వచ్చాయి. నాలుగు వైపులా నాలుగు. బల్లబండ వైపు గిలక ఎవరు లాగాలన్న తగువు మాత్రం ఆ ఏడు తెగలేదు. గోడ కట్టడం తెలిసినంతగా ఆ తగువు తీర్చడం బోర్డుకు తెలియదు.

సిద్దమ్మ కాలిలోని పురుగు రోజుకింతగా, రానన్న రోజు ఆగి, ఆఖరికి తెగకుండా వచ్చింది. చేతులకు ఓపిక నేర్పడం ఆమెకు మగ్గం నేర్చుకోవడం కంటే కష్టమైంది. ఆ పుల్లను పొయ్యిలో వేసింది.

"ఇంక భయం లేదు గదా సాయబూ?" అని అడిగితే జమాల్ బాషా తలూపలేదు. "మెట్లు మూయకముందు తాగిన నీళ్ళు ఉండాయి గదమ్మా. వచ్చే ఎండలదాకా ఏమీ చెప్పలేం," అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. తర్వాత, అబద్ధం చెప్పనందుకే ఆ మనిషి మాట విన్నానని గుర్తు వచ్చింది.

ఆ ఏడాది నిద్రలో నడిచినట్టు గడిచింది. వానలు పడీ పడకుండా పోయాయి. జొన్నలు కోశారు. చలి వచ్చి పోయింది. ప్రతి తెల్లవారీ ఆ రెండు పాదాలు ఒడిలోకి వచ్చేవి, పోయేవి. వాటితో పాటే ఆమె రోజు మొదలయ్యేది.

ఎండలు మళ్ళీ ముదిరాయి. గంగాదేవి మగ్గం గుంటలోకి దిగింది. కాళ్ళు అందాయి. వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం గుంటలో నుంచే కేకేసింది.

"అమ్మా, కాలు మండుతాండాది!"

సిద్దమ్మ చేతిలోని కండె జారి, దారం విప్పుకుంటూ వాకిలి దాకా దొర్లింది. ఆమె కూతురిని పైకి లాగి, ఆ కాలు వెలుగులోకి తిప్పింది. బొటనవేలి పక్కన, పాదం మీద, ఎర్రగా కంది ఉన్నది. చర్మం ఉబ్బింది. ఆమె చెవుల్లో లోకమంతా ఆగిపోయింది. బావి చివరి మెట్టు, పచ్చని నీడ, కదలని నీళ్ళు అన్నీ ఆ ఎర్రటి చోటిలోకి దూరి కూర్చున్నాయి.

చూస్తా ఉండమన్న మాట గుర్తు వచ్చింది. భయాన్ని పక్కకు నెట్టి, మళ్ళీ చూసింది. కురుపు గుండ్రంగా లేస్తుంది. ఇది అడ్డంగా, గీత గీసినట్టు ఉన్నది. వేలి సందులో మొదలై పాదం అంచున ముగిసింది. సిద్దమ్మ బిగుసుకున్న మడమతోనే గుంటలోకి దిగి, తొక్కుడు కర్రకు కట్టిన తాడును పట్టుకొని, కూతురి పాదం మీది ఎరుపుకు ఆనించింది. తాడు ఆ గీతలో సరిగ్గా అమరింది.

తర్వాత తన ఎడమ పాదాన్ని పక్కన పెట్టి చూసింది. అదే చోట, అదే గీత. ఎప్పుడో, ఏ పురుగూ తెలియని రోజుల్లో పడి, కాయకట్టిపోయిన గీత.

"ఏందమ్మా అది?" అన్నది గంగ బెదురుగా.

"ఏమీ లేదు. మగ్గం నిన్ను గుర్తుపట్టింది," అన్నది సిద్దమ్మ. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో ఆమెకే తెలియలేదు. పాత గంజిగుడ్డ అంచు చింపి, ఒరుసుకోకుండా ఆ తాడుకు మెత్తగా చుట్టింది. ఈసారి మరికొంచెం, మరికొంచెం అనుకుంటూ, కొస దాకా చుట్టింది.

ఎండ నడినెత్తికెక్కింది. వీధిలో మగ్గాలన్నీ ఒకటొకటిగా కునుకు తీశాయి. ఒక్క ఇంట్లో మాత్రం, ఇంకా లయ కుదరని నాడె చప్పుడు, తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ, సాయంత్రం దాకా వినిపిస్తూనే ఉన్నది.